ఇంటర్వెల్ లేని ‘వద్దు’

సాఫ్ట్‌వేర్ పరీక్షించడం నా ఉద్యోగం అంటే మా బంధువుల్లో చాలామంది నేనేదో కాలేజీలో పరీక్ష పేపర్లు దిద్దుకుంటున్నాననుకునేవారు. అది మరీ తప్పేమీ కాదు. ఒకరు కష్టపడి చేసినదాన్ని ముందేసుకుని, ఎక్కడ విరుగుతుందా అని వెతకడమే నా పని. హైటెక్ సిటీలో అద్దాల మేడలు ఇంకా ఒకటీ అరా లేస్తున్న రోజుల్లో చేరాను. ఆకాశం కనబడనంతగా అవి మొలిచాక రిటైరయ్యాను. ఈ మధ్యలో బ్యాంకులవి, ఆసుపత్రులవి, విమానాలవి ఎన్నో యాప్‌లు విరగ్గొట్టాను. వాటి గురించి రాయాలని నాకెప్పుడూ అనిపించలేదు. రాయాలనిపించేది ఒక్కటే. నా చివరి కంపెనీలో, రిటైరవడానికి కాస్త ముందు, ఒక ‘వద్దు’ను నిలబెట్టడానికి మేం పడిన పోట్లాట. అందులో మేమే గెలిచాం. ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఆ ముక్క చెప్పుకోవడంలోనే నాకు సగం ఆనందం ఉంది.

ఆ కంపెనీ అమ్మాయిలకూ అబ్బాయిలకూ పరిచయాలు కలిపే యాప్ తయారుచేసేది. చందానగర్‌లో మా అపార్ట్‌మెంట్ వాళ్లు అడిగితే ‘కమ్యూనికేషన్స్’ అని చెప్పి లిఫ్ట్ ఎక్కేసేదాన్ని. తల నెరిసిన ఆడమనిషి కుర్రకారు ప్రేమ యాప్‌లో ఏం చేస్తుందని వాళ్లు ముక్కున వేలేసుకుంటే జవాబు చెప్పే ఓపిక నాకు లేదు. ఆఫీసులో అందరూ ఒకరినొకరు పేర్లతో పిలుచుకునేవారు, నన్ను మాత్రం ‘మేడం’ అనేవారు. వయసుకిచ్చిన మర్యాదో, తప్పులు పట్టుకుంటాననే భయమో తెలియదు. రెండూ నాకు ఇష్టమే.

యాప్‌లో ఏమేం ఉండాలో నిర్ణయించే మనిషిని ప్రొడక్ట్ హెడ్ అంటారు. మా ప్రొడక్ట్ హెడ్ భీమవరం వైపు కుర్రాడు. తెలివైనవాడు, మర్యాదస్తుడు, ఎదుటివాళ్లు మాట్లాడుతుంటే మధ్యలో అడ్డురాడు. ఉన్నది ఒకటే జబ్బు, సినిమా. అందులోనూ పాత ప్రేమ హాస్య చిత్రాలంటే ప్రాణం పెట్టేవాడు. శుక్రవారం సాయంత్రాలు పెద్ద మీటింగ్ రూములో లైట్లు తీసేసి ఒక సినిమా వేయించేవాడు. దానికి ‘యూజర్ రీసెర్చ్’ అని పేరు. పాప్‌కార్న్ కంపెనీయే ఇచ్చేది.

“జనానికి ప్రేమంటే ఏంటో ఇవే నేర్పాయండి. మనం కొత్తగా కనిపెట్టాల్సిందేం లేదు, చూసి రాసుకోవడమే” అనేవాడు.

నాకూ ఆ సినిమాలంటే చిన్నచూపేమీ లేదు. కర్నూలులో మా అక్కచెల్లెళ్లం మ్యాట్నీకి వెళ్లి, పడిపడి నవ్వి, ఇంటికొచ్చి ఆ మాటలన్నీ అప్పజెప్పుకునేవాళ్లం. అలా నవ్వినందుకు ఇప్పుడు నాకేం నామోషీ లేదు. నిజంగానే నవ్వొచ్చేలా తీశారు. కానీ ఇన్నేళ్ల తర్వాత, పరీక్షించే కళ్లతో, చేతిలో పాప్‌కార్న్ పొట్లంతో మళ్లీ చూస్తుంటే నా చూపు హీరో మీద నిలవలేదు. అమ్మాయి ‘వద్దు’ అన్న ప్రతిసారీ ఆ తర్వాత ఏమవుతుందా అని చూశాను. పాట మొదలవుతుంది. బస్సులో వద్దంటే బస్సులో పాట. గుడి మెట్ల మీద వద్దంటే గుడి మెట్ల మీద పాట. స్నేహితులతో పందెం కాసి వెంటపడ్డాడని తెలిసి చెంప పగలగొట్టినా, కాసేపు వాన కురిసి మళ్లీ పాటే.

ఇంకోటి కూడా గమనించాను. ఆ హీరోయిన్లలో కొందరు ఎంత చురుగ్గా మాట్లాడతారో! మాటకి మాట బదులిచ్చి హీరోని నోరెత్తనివ్వరు. అదంతా మొదటి సగంలో. రెండో సగంలో వాళ్లకి మాటలే ఉండవు, కన్నీళ్లు మాత్రం ఉంటాయి. డబ్బున్న పిల్లయితే ‘పొగరు’ అంటారు. ఆ పొగరేమిటా అని చూస్తే, అడిగిన ప్రశ్నకు సూటిగా జవాబివ్వడమే. కళ్లజోడు పెట్టుకున్న పిల్లను ఎవరూ చూడరు. ఎవరో దాన్ని తీసేసి జడ విప్పగానే అందరూ నోరెళ్లబెడతారు. కళ్లజోడు లేకుండా ఆ పిల్లకి వాళ్లెవరూ కనబడుతున్నారో లేదో మాత్రం ఎవరూ అడగరు.

సినిమా సినిమాగా ఉన్నంతకాలం నాకు ఫర్వాలేదు. అది యాప్‌లోకి దిగింది. దాని పేరు ‘ఇంటర్వెల్’.

అప్పటిదాకా మా యాప్‌లో ఒక అబ్బాయి పలకరిస్తే, అమ్మాయి ‘సరే’ నొక్కవచ్చు, ‘వద్దు’ నొక్కవచ్చు. వద్దంటే అతను ఆమెకు మళ్లీ కనిపించేవాడు కాదు. ఇక మీదట అలా కాదట. సినిమాలో అమ్మాయి వద్దనేది ఇంటర్వెల్ ముందే కదా, అక్కడే ఆపేస్తే రెండో సగం ఎలా నడుస్తుంది అన్నది మా ప్రొడక్ట్ హెడ్ వాదన. అందుకని ఆమె వద్దనగానే అబ్బాయి ఫోన్‌లో ‘నిరాశపడకండి, ఇది ఇంటర్వెల్ మాత్రమే’ అని వస్తుంది. రెండు రోజులాగి యాప్ అతనికి ఒక కొత్త మాట అందించి, పంపమంటుంది. మళ్లీ వద్దంటే మళ్లీ రెండు రోజులు, మరో మాట. ఒకసారి జోకు, ఒకసారి కవిత్వం, ఒకసారి క్షమాపణ. దేనికి క్షమాపణో చెప్పుకునేవాడికీ తెలియదు. అమ్మాయి ఫోన్‌లో ‘ఒకరు మీ కోసం ఇంకా ఎదురుచూస్తున్నారు’ అని మోగుతూ ఉంటుంది.

దీన్ని పరీక్షించే పని మా బృందంలోకి కొత్తగా వచ్చిన అమ్మాయికి పడింది. బోరబండలో పుట్టి పెరిగిన పిల్ల. వాళ్ల నాన్న క్యాబ్ నడుపుతాడు, అమ్మ ఒక ఆఫీసులో హౌస్‌కీపింగ్. ఆమెకింకా ప్రొబేషన్ నడుస్తోంది, అంటే కంపెనీ ఉంచుకుంటుందో పంపేస్తుందో తేలలేదు. మా పద్ధతి ప్రకారం ఎవరు పరీక్షిస్తే వాళ్లే చివర్లో ‘పాస్’ అని పెట్టాలి. అది పడితేగానీ యాప్ జనంలోకి వెళ్లదు.

ఒకరోజు ఆమె నా సీటు దగ్గరికి వచ్చింది. “మేడం, జర నా దిక్కు వస్తరా? దీంట్ల ఏదో తక్కువున్నది.”

వెళ్లి చూశాను. యాప్‌ని పరీక్షించాలంటే ఉత్తుత్తి మనుషులు కావాలి. ఉత్తుత్తి అమ్మాయిలను ప్రొడక్ట్ వాళ్లే తయారుచేసి మాకు పంపారు. ‘పొగరుబోతు’, ‘అల్లరిపిల్ల’, ‘కళ్లజోడు’, ‘అమాయకురాలు’ అని నలుగురు. ఎవరు ఎంత బెట్టు చేయాలో కూడా వాళ్లే నిర్ణయించారు. అమాయకురాలు ఒక్కసారి వద్దని, తలదించుకుని సరేనంటుంది. అల్లరిపిల్ల కాసేపు ఆటపట్టించి సరేనంటుంది. కళ్లజోడుకి ఆమె కళ్ల గురించి నాలుగు మంచి మాటలు పంపితే చాలు. పొగరుబోతు అందరికన్నా ఎక్కువసార్లు వద్దంటుంది, ఆఖరికి ఆమే ముందుగా ప్రేమిస్తున్నానంటుంది.

“అందరు ఒప్పుకుంటున్నరు మేడం. వద్దంటె వద్దు అనేటామె ఒక్కతి గూడ లేదు.”

“ఉంటే ఏమవుతుంది?”

“గదే చూసిన. ఇగో.”

ఆమె సొంతంగా ఐదో అమ్మాయిని తయారుచేసుకుంది. దానికి ‘మామూలు అమ్మాయి’ అని పేరు పెట్టింది. పరీక్ష కోసం రోజుల్ని నిమిషాలు చేసుకునే వీలు మాకుంటుంది. నా కళ్లముందే ఫోన్ మోగింది, వద్దు నొక్కింది. కాసేపటికి మళ్లీ మోగింది, మళ్లీ నొక్కింది. టీ తెచ్చుకుని తాగాం. మోగుతూనే ఉంది.

“ఎప్పుడు ఆగుతుంది?” అన్నాను.

“ఆగదు మేడం. సరే అంటెనే ఆగుతది. వద్దంటె ఆగుడు అనేది అసలు రాయనే లేదు.”

నా సర్వీసులో చాలా తప్పులు చూశాను. లెక్క తప్పుతుంది, తేదీ తప్పుతుంది, బటన్ పనిచేయదు. ఇది అలాంటిది కాదు. ఆ కోడ్ రాసిన కుర్రాళ్లు తెలివితక్కువ వాళ్లూ కాదు, చెడ్డవాళ్లూ కాదు. అమ్మాయి ఆఖరికి కూడా ఒప్పుకోకపోవచ్చన్న ఊహే వాళ్లకి రాలేదు. వాళ్లు చూసిన ఏ సినిమాలోనూ అలా జరగలేదు మరి.

ఆ పిల్ల దాన్ని ఒక తప్పు కింద నమోదుచేసి, ఉన్నవాటిల్లోకెల్లా పెద్ద తీవ్రత పెట్టి ప్రొడక్ట్ వాళ్లకి పంపింది. సాయంత్రానికి అది తిరిగొచ్చింది. ‘ఇది తప్పు కాదు, కథే అలా ఉంటుంది’ అని పక్కన ఒక నవ్వు బొమ్మ.

మర్నాడు క్యాంటీన్‌లో ఇద్దరం కూర్చున్నాం. ఆమె ఉప్మా కెలుకుతోందేగానీ తినడం లేదు. నేను ఏమీ అడగకముందే మొదలుపెట్టింది.

“బోరబండ స్టేషన్ల లోకల్ రైలు ఎక్కుత గద మేడం. ఒకాయన రోజు అదే బండికి వస్తుండె. మాట కలిపిండు. ఒకరోజు కాఫీకి పోదమా అన్నడు. వద్దన్న. మంచిగనే చెప్పిన. నవ్విండు మేడం. కోపం గిట్ల ఏం చెయ్యలే, తిట్టలే. తెల్లారి మల్ల అడిగిండు. మల్ల వద్దన్న, మల్ల నవ్విండు. ఆ నవ్వుతోనే నాకు పరేషాన్. నేను ఆఖరికి ఒప్పుకుంట అన్నది ఆయనకు ఎర్కే అన్నట్టు. నాకే ఎర్క లేనట్టు.”

“తర్వాత?”

“బండి మార్చిన. ఇప్పుడు ముందటి బండికి వస్తున్న. గందుకే మీరొచ్చేసరికి సీట్ల ఉంట. ఇంట్ల చెప్పలే. చెప్తే మా అమ్మ ఫికర్ చేసి నౌకరే బంద్ చెయ్యమంటది.”

ఆ పిల్ల పొద్దున్నే రావడం చూసి పనిమీద శ్రద్ధ అనుకుని నలుగురిలో మెచ్చుకున్నది నేనే.

“మీరే చెప్పుండ్రి మేడం. దీనికి నేను పాస్ అని ఎట్ల పెట్టాలె?”

ఇద్దరం కలిసి ప్రొడక్ట్ హెడ్ గదికి వెళ్లాం. అతను కుర్చీలు లాగి కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చాడు. చెప్పానుగా, మర్యాదస్తుడని.

“మీరు మరీ సీరియస్‌గా తీసుకుంటున్నారండి మేడం. ఇది సరదా. మొదటిసారే సరేనంటే చులకనైపోతామని అమ్మాయిలు అనుకుంటారండి. అందుకని పైకి వద్దంటారు. లోపల మాత్రం సరేననే ఉంటుంది.”

“ఎవరు చెప్పారు?” అన్నాను.

“ఒకరు చెప్పేదేముందండి, అందరికీ తెలిసిందే కదా.”

“నాకు తెల్వదు సార్. నేను గూడ ఆడపిల్లనే” అంది ఆమె.

అతను ఇబ్బందిగా నవ్వాడు. “మీరు అందరు అమ్మాయిల్లాంటివారు కాదు కదండీ.”

“అందరి లెక్కనే ఉన్న సార్.”

తర్వాత అతను మెల్లగా అసలు సంగతి చెప్పాడు. ప్రేమికుల దినోత్సవానికి ఇంటర్వెల్ బయటికి రావాలి. పాస్ పడకపోతే ఆగిపోతుంది. ప్రొబేషన్‌లో ఉన్నవాళ్ల గురించి తననూ అభిప్రాయం అడుగుతారు, ‘యూజర్ మనసు అర్థం చేసుకోలేదు’ అని రాయక తప్పదు. బెదిరిస్తున్నట్టు అనలేదు, నిజంగానే బాధపడుతూ అన్నాడు. అదే నాకు మరీ ఒళ్లు మండించింది.

ఆమె లేచి నిలబడింది. “వేరేటోళ్లతోని పెట్టిచ్చుకోండ్రి సార్. నా చెయ్యితోని పెట్ట.”

బయటికొచ్చి తిన్నగా తన సీటుకి వెళ్లిపోయింది. ఆ ఉద్యోగం ఆ ఇంటికి ఎంత అవసరమో నాకు తెలుసు. రిటైర్మెంట్ దగ్గరపడిన నేను పోట్లాడటం పెద్ద గొప్పేం కాదు, నన్నేం చేయగలరు? ఆ వయసులో, ఆ పరిస్థితిలో ఆ మాట అనడానికి గుండె కావాలి. ఏం చేసైనా సరే ఈ పిల్లను ఓడిపోనివ్వకూడదు అనుకున్నాను.

మా కంపెనీలో ఒక ఆచారం ఉండేది. కొత్తదేదైనా బయటికి వెళ్లేముందు ఒకరోజు డెమో, అంటే అందరి ముందూ వాడి చూపించడం. తయారుచేసినవాళ్లు తమ చేత్తో ఎంచుకుని చూపిస్తే బాగున్నవే చూపిస్తారని, ఏ ఫోన్ ఎవరి చేతికివ్వాలో, వాళ్లేం నొక్కాలో టెస్టింగ్ వాళ్లే చెప్పాలని నియమం. సాధారణంగా మేం అబ్బాయి ఫోన్ అబ్బాయికి, అమ్మాయి ఫోన్ అమ్మాయికి ఇచ్చేవాళ్లం. ఆ అమ్మాయి కూడా తొందరగా తెమిలితే చాలని సరే నొక్కి తన సీటుకి వెళ్లిపోయేది. ఈసారి నేను నా హక్కు వాడుకోదలచుకున్నాను. ‘మామూలు అమ్మాయి’ని రెండు ఫోన్లలో పెట్టించాను. ఒకటి ప్రొడక్ట్ హెడ్‌కి. రెండోది కంపెనీ పెద్దాయనకి.

పెద్దాయనది కడప వైపు. రియల్ ఎస్టేట్‌లో సంపాదించి ఇటు వచ్చినవాడు. తెల్లాపూర్‌లో పెద్ద గేటు, కాపలా ఉన్న విల్లాల్లో ఉండేవాడు. గొంతు పెద్దది, మనసులో ఏదీ దాచుకోడు. డెమో రోజు పొద్దున ఫోన్ అతని చేతికిచ్చాను.

“సార్, ఈ రోజు మీరొక అమ్మాయి. ఎవరు పలకరించినా మీకు ఇష్టం లేదు, వద్దు నొక్కండి. రెండు రోజుల గడువుని కాసేపటికి కుదించాం, అంతే తేడా. మీ పనులు మీరు చేసుకోండి, సాయంత్రం హాల్లో కలుద్దాం.”

“అంతేనామ్మా? ఇంత సుఖమైన పని నాకు ఇంతవరకూ యెవురూ చెప్పలేదే!” అని జేబులో వేసుకున్నాడు.

అవతలివైపు అబ్బాయిలుగా మా బృందంలోని కుర్రాళ్లనే కూర్చోబెట్టాం. యాప్ ఏది పంపమంటే అది పంపండి, సొంత తెలివి వాడొద్దు అని మాత్రం చెప్పాం. ఒక్క చెడ్డ మాట లేదు, బెదిరింపు లేదు. అన్నీ తియ్యటి మాటలే.

పొద్దున మొదటి మాట వచ్చినప్పుడు పెద్దాయన అందరికీ చూపించి నవ్వాడు. పదకొండు గంటల టీ దగ్గర నవ్వు తగ్గింది. పెట్టుబడి పెట్టినవాళ్లతో గాజుగదిలో మీటింగ్ జరుగుతుంటే ఫోన్ మోగడం, ఆయన తీసి నొక్కడం, మళ్లీ మోగడం బయటినుంచి మాకు కనబడుతూనే ఉంది. భోజనంలో పెరుగన్నం కలిపిన చేతిని పైకెత్తి ఎడమచేత్తో వద్దు నొక్కాడు. మధ్యాహ్నం ఫోన్ బోర్లా పెట్టాడు. ఆ తర్వాత సొరుగులో పడేశాడు. సొరుగు మోగింది.

ప్రొడక్ట్ హెడ్‌ని కూడా కనిపెడుతూనే ఉన్నాను. పొద్దున ‘ఈ మాట నేనే రాశానండి, బాగుంది కదా’ అని పక్కవాళ్లకి చూపించాడు. మధ్యాహ్నం నుంచి ఎవరికీ చూపించడం లేదు.

సాయంత్రం హాలు నిండిపోయింది. పెద్దాయన వస్తూనే ఫోన్‌ని బల్ల మీద పెట్టాడు, అసహ్యమైనదేదో పెట్టినట్టు.

“ముందు దీన్ని ఆపేదెట్లో చెప్పండి.”

నేను మా బృందంలోని ఆ అమ్మాయి వైపు చూశాను. ఆమె లేచింది. “ఆగదు సార్. సరే అంటెనే ఆగుతది.”

“నేను వద్దంటాండా గదమ్మా, పొద్దున్నుంచీ?”

“వద్దంటె ఆగాలె అని ఎవరు రాయలేదు సార్.”

సరిగ్గా అప్పుడు బల్ల మీద ఫోన్ మళ్లీ మోగింది. ‘ఒకరు మీ కోసం ఇంకా ఎదురుచూస్తున్నారు.’ హాల్లో కిసుక్కున నవ్వులు. ప్రొడక్ట్ హెడ్ అలవాటుగా తన పాత మాటే అందుకున్నాడు.

“అంటే సార్, ఈ అమ్మాయి ఇంకా కొంచెం సిగ్గుపడుతోంది కాబట్టి...”

“యెవురు?” పెద్దాయన కుర్చీలోంచి లేచాడు. “నేనా? నేను సిగ్గుపడతాండానా?”

హాలు హాలంతా పగలబడి నవ్వింది. వెనకవరసలో ఒకడు కుర్చీలోంచి జారి కింద కూర్చున్నాడు. నాకైతే కళ్లమ్మట నీళ్లొచ్చాయి. అన్ని శుక్రవారాలు చూసిన ఏ సినిమాకీ నేను అంతగా నవ్వలేదు.

పెద్దాయన నవ్వలేదు. “మా గేటు కాడ వాచ్‌మన్ ఫోన్ చేసి, ఫలానా మనిషి వచ్చినాడు పంపమంటారా అని అడుగుతాడు. వద్దంటే ఆ మనిషి యెనక్కి పోవల్ల. పావుగంటకొకసారి అదే మనిషి చేతికి పూలిచ్చి మళ్లీ నా యింటి మీదికి తోలితే ఆ వాచ్‌మన్‌ను యేం చేస్తాం?”

“తీసేస్తాం సార్” అన్నారెవరో.

“మరి మనం చేస్తాండేదేంది?”

మీరు గమనించారో లేదో, ఆయన ‘నాకూ కూతురుంది’ అనలేదు. అందుకు నాకు ఇప్పటికీ సంతోషమే. ఒక్కరోజు విసిగాడు, ఆ విసుగు తనదని ఒప్పుకున్నాడు. కాకపోతే అదే ముక్కను ఆ పిల్ల వారం ముందే చెప్పింది. అప్పుడది ‘కథే అలా ఉంటుంది’ అయింది. ఒక పెద్దమనిషి బొటనవేలు నొప్పి పుట్టేసరికి తప్పయింది. ఈ చేదు ఆ గెలుపులో కాస్త కలిసే ఉంది, లేదనను. అయినా గెలుపు గెలుపే.

“నువ్వు చెప్పమ్మా, యేం జేయల్ల?” అని ఆయన మా అమ్మాయినే అడిగాడు.

ఆమె ముందుకొచ్చి, తెర మీద నలుగురు ఉత్తుత్తి అమ్మాయిలనీ చూపించింది. తర్వాత ఐదో అమ్మాయిని.

“ఈమెకు పొగరు లేదు సార్. అమాయకురాలు కాదు. సిగ్గు గిట్ల ఏం లేదు. ఆమెకు ఇష్టం లేదు, గంతే. ఎందుకు లేదని చెప్పాల్సిన పని గూడ లేదు. ఈమె వద్దన్నంక ఫోన్ మోగద్దు. గప్పుడు పాస్ పెడత.”

మొదట అకౌంట్స్‌లో పనిచేసే ఒకామె చప్పట్లు కొట్టింది. తర్వాత కిటికీ పక్కన కూర్చున్న అమ్మాయిలు. తర్వాత హాల్లో ఉన్న ఆడవాళ్లందరూ లేచి నిలబడ్డారు. ఏ ఒక్కరూ ఏమీ చెప్పుకోలేదు, అవసరమూ రాలేదు. ప్రతి ఒక్కరికీ ఎక్కడో ఒక మార్చుకున్న బండి ఉందని ఆ చప్పట్లు వింటే తెలిసిపోయింది. ఆ తర్వాత మగపిల్లలూ లేచారు. ఆ పూటే ఇంటర్వెల్ తీసేయమని పెద్దాయన చెప్పేశాడు. ఇకమీద ఏది బయటికి వెళ్లాలన్నా ముందు ‘మామూలు అమ్మాయి’తో పరీక్షించాలని నేను అడిగాను, సరేనన్నాడు.

నేను మెట్లు దిగుతుంటే ప్రొడక్ట్ హెడ్ వెనకాలే వచ్చాడు. ముఖం వాడిపోయి ఉంది.

“మేడం, కాలేజీలో ఒకమ్మాయి ఉండేదండి. నేను వెళ్లే బస్సులోనే వచ్చేది. చాలాసార్లు అడిగాను. తర్వాత వేరే బస్సుకి రావడం మొదలెట్టింది. అది సిగ్గనుకున్నానండి. ఇన్నేళ్లూ అలాగే అనుకున్నాను.” ఇంకో మెట్టు దిగాడు. “ఇప్పుడు ఆవిడెక్కడుందో కనుక్కుని క్షమాపణ చెబుదామా అనిపిస్తోందండి.”

“వద్దు” అన్నాను. “అది కూడా ఇంటర్వెల్ తర్వాత సగమే అవుతుంది. ఆమెను ప్రశాంతంగా ఉండనివ్వు. అంతగా ఏదైనా చేయాలనుంటే, ఆగాలి అన్న ఆ ముక్కను కోడ్‌లో నువ్వే దగ్గరుండి రాయించు.”

తలూపాడు. రాయించాడు కూడా. ఆ అమ్మాయి ప్రొబేషన్ గురించి అభిప్రాయం అడిగినప్పుడు అతనే అందరికన్నా బాగా రాశాడు. ఆమె ఉద్యోగం ఖాయమైంది. శుక్రవారం సినిమాలు ఆపలేదు, ఆపమని మేమూ అనలేదు. కాకపోతే తెర మీద అమ్మాయి వద్దన్న ప్రతిసారీ గదంతా ‘వద్దందిగా!’ అని ఒక్క గొంతుతో అరిచేది. పాట వినబడేది కాదు. అందరికన్నా గట్టిగా అరిచేది ఆ కుర్రాడే.

డెమో అయిన మర్నాడు పొద్దున మా అమ్మాయి నాకన్నా ఆలస్యంగా వచ్చింది. అప్పటిదాకా ద్వారం వైపే చూస్తూ కూర్చున్నాను. వస్తూనే నవ్వింది.

“పాత బండికే వచ్చిన మేడం. నేనెందుకు మారాలె?”

“అతను?”

“ఉన్నడు. మల్ల అడిగిండు, మల్ల నవ్విండు. నేను రైలు డబ్బా మొత్తం వినబడేటట్టు అన్న, ‘వద్దన్న గద సార్, ఇంకెన్నిసార్లు చెప్పాలె?’ అని. నా పక్కన ఆఫీసులల్ల సాఫ్ చేసేటోళ్లు ఉన్నరు, మా బస్తీ ఆడోళ్లే. అందరు తిరిగి ఆయన దిక్కు చూసిండ్రు. ఏమనలే మేడం, ఊకె చూసిండ్రు. హైటెక్ సిటీ రాంగనే అందరికన్న ముందు దిగిపోయిండు.”

ఆ తర్వాత ఆ బండిలో అతను కనబడలేదట. ఈసారి బండి మార్చుకున్నది అతనే. ఆ రోజు సాయంత్రం హైటెక్ సిటీ స్టేషన్‌లో మేమిద్దరం ఎప్పటిలాగే విడిపోయాం, నేను చందానగర్ వైపు, ఆమె బోరబండ వైపు. తన బండి కదిలేటప్పుడు తలుపు దగ్గర నిలబడి నాకు చెయ్యి ఊపింది. ఆ వయసులో నేను కూడా ప్లాట్‌ఫారం మీద చిన్నపిల్లలా చెయ్యి ఊపాను.

మార్చిన కోడ్ పరీక్షకు వచ్చిన రోజు పనులు మానుకుని అందరూ ఆమె బల్ల చుట్టూ చేరారు. పెద్దాయన కూడా వచ్చి వెనక నిలబడ్డాడు. మీలో ఈ పని చేసేవాళ్లకి తెలుసు, ఏదైనా బాగా పనిచేస్తోందంటే తెర మీద ఏదో ఒకటి జరగాలి. దీపం వెలగాలి, గంట మోగాలి, బొమ్మ కదలాలి. నా సర్వీసంతా అలాంటివి చూసే పాస్ పెట్టాను. ఇది అలాంటిది కాదు.

ఆమె ‘మామూలు అమ్మాయి’ ఫోన్‌ని బల్ల మధ్యలో పెట్టింది. ఒక అబ్బాయి పలకరించాడు. ఆమె ఒక్కసారి, నెమ్మదిగా, వద్దు నొక్కింది. అతని పేరు తెర మీంచి పోయింది. అందరం ఫోన్ వంక చూస్తూ నిలబడ్డాం. మొదటి గడువు దాటింది. రెండోదీ దాటింది. ప్రొడక్ట్ హెడ్ గోళ్లు కొరుక్కుంటున్నాడు. పెద్దాయన మెడ చాచి చూస్తున్నాడు.

“ఏం రాలే మేడం” అంది ఆమె. “చూడుండ్రి, ఏం రాలే!”

ఆమె పాస్ పెట్టింది. ఏమీ లేని ఆ తెరను చూస్తూ మేమందరం చేతులు ఎర్రబడేదాకా చప్పట్లు కొట్టాం.